కొక్కేలకు వేలాడిన క్రియ

సోమవారం, ఉదయం
మావాడి పెళ్లి కుదిరినట్టే. ఒక్కటే మెలిక. అమ్మాయి బామ్మగారికి స్పానిష్ తప్ప రాదు. "పిల్లాడి తండ్రి నా భాషలో దీవిస్తేనే ఒప్పుకుంటా" అన్నారట. ఆదివారం భోజనానికి పిలిచారు.
వాళ్ల దీవెన ‘మీకంతా బాగా వెళ్లాలి’ అనడమట, కాబట్టి ‘వెళ్లడం’ అనే క్రియ కావాలి. మామూలుగా చెబితే ఒక తీరు, మంచి కోరుతూ చెబితే వేషమే వేరు. బాయా, బాయాస్, బాయా, బాయామోస్, బాయైస్, బాయాన్. ఆరే ఆరు. ఇన్నేళ్లు లాండ్రీ నడిపినవాణ్ణి, ఆరు మాటలకు లొంగుతానా?

మంగళవారం
‘నేను’కూ ‘వాడు’కూ ఒకటే రూపమట. అంటే నాకూ మా బావమరిదికీ తేడా లేదు. ఈ భాష మీద మొదటి అనుమానం.
ఉపాయం తట్టింది. దుకాణంలో ఆరు కొక్కేలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో రూపం, అర్థంతో సహా అంటించాను. చనువున్నవాళ్ల బట్టలు ‘నువ్వు’కు, పెద్దవాళ్లవి ‘మీరు’కు, పడనివాళ్లవి ‘వాళ్లు’కు. ఇస్త్రీ చేస్తూనే పండితుణ్ణయిపోతాను.

బుధవారం
లాయరుగారి కోటు ‘నువ్వు’కు ఉంది. చూశారు.
"నన్ను ఏకవచనంలో వేలాడదీస్తావా?"
"చనువు కొద్దీ, సార్."
"మనకు చనువెక్కడ ఏడ్చింది?"
‘మీరు’కు మార్చాను. జాగా చాలక పళ్ల డాక్టరు కోటు ‘వాళ్లు’కు జరిపాను. సాయంత్రం ఆయనొచ్చి, "నేనేం పాపం చేశానండీ?" అన్నారు. కళ్లలో నీళ్లు. ఇవాళ చదువు సాగలేదు. తప్పు నాది కాదు.

గురువారం
‘మనం’ కొక్కేనికున్న పరదాలు మా ఆవిడ ఇంట్లో కట్టేసింది. అవి టీచరమ్మవి.
"మనం అని రాసింది మీరేగా?" అంది.
పరదాలు మాత్రం బాగున్నాయి.

శుక్రవారం
గొంతు నొప్పి. గొంతు బాగాలేనప్పుడు పరాయి భాష జోలికి పోకూడదు.

శనివారం
పుస్తకం తెరవలేదు. మావాడు అన్నం కెలికి లేచాడు.
"వచ్చిందా, నాన్నా?"
"వచ్చినట్టేరా."
వాడి మొహం చూస్తే భయమేసింది. ఈ పెళ్లి చెడితే నా నోటి వల్లే చెడుతుంది.

ఆదివారం
బామ్మగారి ఎదుట లేచి నిలబడ్డాను. దీవెన ఒక్క ముక్క గుర్తు రాలేదు. కళ్లు మూసుకుని, ఎక్కం అప్పగించినట్టు ఆరు రూపాలూ వరసగా చదివేసి కూర్చున్నాను. మావాడు తల దించుకున్నాడు.
బామ్మగారు లేచారు. "వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తాం..." అని ఆగిపోయారు. మన భాషలో నాకు ‘క్షేమంగా వెళ్లి రండి’ అని చెబుతానని ఆవిడా వారంగా కుస్తీ పడుతున్నారట. అమ్మాయి చెప్పింది.
"వెళ్తారు" అని అందించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. పెళ్లి ఖాయం.

సోమవారం, ఉదయం
మళ్లీ మొదలు. పెళ్లిలోనైనా బామ్మగారూ నేనూ సరైన మాట చెప్పాలని ఒప్పందం. రోజూ పొద్దున్నే ఫోనులో ఒకరికొకరు అప్పగించాలి. ఏమీ చదవలేదు, భయపడుతూనే ఫోను చేశాను. అమ్మాయి ఎత్తింది. బామ్మగారు రేపటి నుంచి మొదలుపెడతారట.
ప్రాణం లేచొచ్చింది.