ఒకే గుమ్మం, నలభై మూడు గుండెలు

మెట్టుగూడ,
జనవరి 19

మిత్రులు హేమచంద్ర గారికి,

నమస్తే సార్. మీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. జవాబు లేటయింది, ఏమీ అనుకోవద్దు. చాపల లోడు దిగినప్పుడు కట్ట కింద పడిపోయింది, నిన్న ఆ కట్ట విప్పితే బయటపడింది. మనం ముఖాలు చూసుకోలేదు, అయినా మిత్రులు అనేశా. ఈ మధ్య నాకు మూడు పేజీల ఉత్తరం రాసినవాళ్లు ఇంకెవరూ లేరు. షాపులో కూర్చుని ఫోన్లోనే టకటకా కొడుతున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ఏ ప్రాంతం నుంచి ఎంతమంది గుండె జబ్బులతో, పక్షవాతంతో ఆస్పత్రుల్లో చేరుతున్నారో మీ ఆఫీసు లెక్క తీస్తోందని రాశారు. రెండేళ్లలో నా ఒక్క ఇంటి నంబరు నుంచే నలభై మూడు మంది చేరారన్నారు. సికింద్రాబాద్‌లో ఇంకే గుమ్మం నుంచీ ఇద్దరికి మించి లేరట. చదివి నా గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నా. కొట్టుకుంటోంది.

మీ ప్రశ్నలకు జవాబులు. ఇంట్లో ఉండేది నేనొక్కడినే. కింద షాపు, పైన రెండు గదులు. ఆస్పత్రి ఎదురుగా కాబట్టి పేషెంట్ల తాలూకు వాళ్లకు కావలసిన ఫ్లాస్కులు, చాపలు, బకెట్లు, మగ్గులు, దుప్పట్లు అమ్ముతా. నూనె సన్‌ఫ్లవర్, నెలకి ఒక ప్యాకెట్టు. ఉప్పు ఎంత వేస్తానో నా చేతికే తెలియదు. వంశంలో గుండె జబ్బులున్నాయా అని అడిగారు. మా నాన్న ఎనభై ఒకటో ఏట చర్చి కమిటీ ఎలక్షన్లో గెలిచి, ఆ సంతోషంలో పోయారు. అది ఏ జబ్బు కింద వేసుకుంటారో మీ ఇష్టం.

ఆ నలభై మూడు మంది ఎవరని అడిగారు. తెలియదంటే అబద్ధమవుతుంది. తెలుసంటే ఇంకో మూడు పేజీలు పంపిస్తారు. అందుకని ఆ ప్రశ్న వదిలేస్తున్నా.

ఇట్లు,
యేసుదాసు

తా.క. మీ సర్వే అమ్మాయి యోగిత వచ్చి నూనె ఒక సీసాలో, ఉప్పు ఒక సీసాలో పట్టుకెళ్లింది. పులిహోర శాంపిల్ మాత్రం ఇక్కడే తినేసింది.

ఇంకో మాట. మీరు పంపిన పట్టికలో పేర్లు లేవు, ఆడా మగా, వయసు, నెల, అంతే. అయినా పదిహేడో వరస దగ్గర కాసేపు ఆగా. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివా. సర్లెండి.

*

బేగంపేట,
జనవరి 27

శ్రీ యేసుదాసు గారికి,

మీ జవాబు అందినది. మీరు వదిలేసిన ప్రశ్నే మాకు ముఖ్యమైనది.

మీ నూనె, ఉప్పు నమూనాలలో ఏ దోషమూ లేదు. పులిహోర బాగుందని సర్వేయరు నివేదికలో రాశారు. ఆ వాక్యం తీసివేయమని చెప్పాను.

ఒక్కరే నివసించే ఇంటి నుండి నలభై మూడు మంది రోగులు రావడం అసాధ్యం. కనుక మీరు అనుమతి లేకుండా వృద్ధాశ్రమం నడుపుతున్నారని మేము భావించవలసి వస్తున్నది. పడకలెన్ని? మీ జవాబు తేలేవరకు మా జబ్బుల పటంలో మీ వీధికి ఎరుపు రంగు వేశాము. వచ్చే శనివారం మీ షాపు ముందు రక్తపోటు పరీక్షల శిబిరం పెడుతున్నాము. సహకరించగలరు.

భవదీయుడు,
హేమచంద్ర

తా.క. ఆఫీసు ఉత్తరాలలో "మిత్రులు" అని రాయవద్దు. మీరు నాకు ఏమవుతారని పై అధికారి అడిగారు.

*

మెట్టుగూడ,
ఫిబ్రవరి 3

హేమచంద్ర గారికి (మిత్రులు అనే మాట మనసులో అనుకున్నా, రాయలేదు),

మీ శిబిరం బ్రహ్మాండంగా జరిగింది. వీధంతా బీపీ చూపించుకుంది. అందరికన్నా ఎక్కువ వచ్చింది ఎవరికో తెలుసా? మిషను పట్టుకొచ్చిన మీ సత్యదేవ్ గారికి. ఆయన్ని నా చాప మీదే పడుకోబెట్టాం.

మీ ఎరుపు రంగు మాత్రం మా ప్రాణాల మీదికొచ్చింది. మా పక్కన యుగంధర్ మిర్చి బజ్జీల బండి పెడతాడు. జనం బండి వైపు చూసి, మా వీధిని ఎర్రగా చూపించిన మీ శిబిరం బ్యానర్ వైపు చూసి, అటునుంచి అటే పోతున్నారు. "ఏందన్నా గిట్లయింది? నీ ఇంట్ల నలభై మూడు గుండెలు ఖరాబైతే నా బజ్జీలేం జేసినయ్? పొద్దటి సంది కలిపిన పిండి గిట్లనే ఉన్నది" అని ఒకటే పరేషాన్. ఎదురింటి జగదాంబ గారు మా ట్యాంకు నీళ్లు పట్టుకోవడం మానేశారు. నీళ్లలో గుండెపోటు ఉంటుందని ఆవిడకి ఎవరో చెప్పారట.

ఆశ్రమం గీశ్రమం ఏమీ లేదు సార్. పడకలు లేవు, చాపలున్నాయి, అవి అమ్మకానికి. వాళ్లొస్తారు, స్టూలు మీద కూర్చుంటారు, మంచినీళ్లు తాగుతారు. నేనొక కాగితం రాసిస్తా. అది పట్టుకుని రోడ్డు దాటి ఆస్పత్రిలోకి పోతారు. అంతే. అడక్కుండానే ఎవరికి ఏ జబ్బో చెప్పేస్తా, ఇరవై ఏళ్ల అనుభవం కదా.

ఇట్లు,
యేసుదాసు

తా.క. సత్యదేవ్ గారికి ఊరగాయ మానేయమని చెప్పండి. ఆయన టిఫిను డబ్బా చూశా.

*

బేగంపేట,
ఫిబ్రవరి 9

శ్రీ యేసుదాసు గారికి,

మీ ఉత్తరం చదివి దిగ్భ్రాంతి చెందాను. అడగకుండానే జబ్బు చెప్పడం, కాగితం రాసివ్వడం, అది పట్టుకున్నవారు నేరుగా ఆస్పత్రి పాలవడం! మీకు వైద్యంలో ఏ అర్హత ఉన్నది? బకెట్ల షాపులో ఏ మందులిస్తున్నారు?

వారం రోజులలో సంజాయిషీ రాకపోతే మీ ఇంటి నంబరును ఆస్పత్రి కంప్యూటర్లలో నిలిపివేయమని సిఫారసు చేస్తాము.

హేమచంద్ర

తా.క. సత్యదేవ్ ఊరగాయ మానేశాడు. రెండు రోజులుగా ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడడం లేదు.

*

మెట్టుగూడ,
ఫిబ్రవరి 10

హేమచంద్ర గారూ,

ఈసారి చాపల కింద పెట్టలేదు, చదివిన వెంటనే రాస్తున్నా. దయచేసి ఆ నంబరు ఆపొద్దు. మొత్తం చెప్పేస్తా.

నేను రాసిచ్చే కాగితం మందులది కాదు, మా ఇంటి అడ్రసు. ఆస్పత్రి కౌంటర్లో ఫారం నింపేటప్పుడు "స్థానిక చిరునామా" అని ఒక గడి ఉంది. పల్లె పేరు కొడితే ఆ కంప్యూటర్ ముందుకి కదలదు, పట్నం పిన్‌కోడే కావాలి. ఆలేరు నుంచో జనగామ నుంచో మనిషిని ఆటోలో పడుకోబెట్టి తెచ్చినవాళ్లకి సికింద్రాబాద్‌లో అడ్రసు ఎక్కడిది? ఒకసారి ఒకాయన కౌంటరు దగ్గర్నుంచి మా షాపుకి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఇక్కడ మాకెవరూ లేరు, ఏం రాయాలె?" అని ఏడ్చాడు. మా ఆవిడ ప్రేమమణి వెంటనే బిల్లు బుక్కులో కాగితం చింపి మా నంబరు రాసిచ్చింది. "గుమ్మమేగా, అరిగిపోతుందా?" అంది నాతో. అప్పటినుంచి అదే అలవాటు. ఆమె పోయి ఏడాదిన్నరయింది. అలవాటు ఉండిపోయింది.

జబ్బు చెప్పడమంటారా, కొనే సామాను చూసి చెప్తా. గుండె వీకైనవాళ్లకి నీళ్లు కొలిచి తాగమంటారు, వాళ్లు అరలీటరు ఫ్లాస్కు తీసుకుంటారు. పక్షవాతం అయితే పడుకునే తాగడానికి ముక్కున్న కప్పు. చలికాలం వచ్చిందంటే ఆ కప్పులు రెట్టింపు తెప్పిస్తా. నాలుగేళ్ల కిందట ముక్కు కప్పులు ముసలాళ్ల కోసం కొనేవాళ్లు. ఇప్పుడు నలభై ఏళ్ల మొగుళ్ల కోసం కొంటున్నారు. ఇది మీ పటంలో ఉందో లేదో.

అసలు సంగతి ఇది. కామేశ్వరమ్మ గారని మధిర దగ్గర పల్లె. గుండెలో వాల్వు మార్చాలి, ఇరవయ్యో తారీకున ఆపరేషన్. ఆవిడ ఫైలు మీద ఉన్నది మా నంబరే. మీరు దాన్ని ఆపితే ఫైలు మళ్లీ మొదటి పేజీకి పోతుంది. ఆవిడకి అంత టైము లేదు సార్. తప్పు నాది. ఎరుపు కాకపోతే నలుపు వెయ్యండి మా వీధికి, ఆవిడ బయటికొచ్చేదాకా మాత్రం ఆగండి.

మీ
యేసుదాసు

తా.క. యుగంధర్ ఇప్పుడు బజ్జీలు మానేసి మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నాడు. ఉప్పు అడిగినవాళ్లని అనుమానంగా చూస్తున్నాడు.

*

బేగంపేట,
మార్చి 24

యేసుదాసు గారూ,

ఆలస్యానికి క్షమించండి. మీ ఉత్తరం నా సొరుగులో నెలపైన ఉంది. అన్ని రోజులూ నేను ఆస్పత్రి వాళ్ల చుట్టూ, కంప్యూటర్ వాళ్ల చుట్టూ తిరిగాను. మీ నంబరు ఆపమని నేను ఎవరికీ రాయలేదు. ఇరవై ఏళ్ల కిందట నేను సామర్లకోట నుంచి వచ్చినప్పుడు ఉద్యోగం ఫారంలో ఒక టీ హోటలు అడ్రసు రాశాను. ఆ హోటలాయన పేరు కూడా నాకిప్పుడు గుర్తులేదు. మీ ఉత్తరం చదివాక రెండు రోజులు అదే ఆలోచన.

మంచి వార్త. ఫారంలో ఇప్పుడు "సొంత ఊరు" అని ఇంకో గడి పెట్టించాం. ఏ ఊరైనా ఎక్కుతుంది. పాత వరసలన్నీ కూడా సరిచేశాం. నలభై మూడింటిలో ముప్ఫై ఒకటి వాళ్ల వాళ్ల ఊళ్లకి వెళ్లిపోయాయి. మిగతా పన్నెండింటికి ఎంత వెతికినా వేరే ఊరు దొరకలేదు, తప్పుడు చిరునామాలని కొట్టేశాం. ఇప్పుడు మీ ఇంటి లెక్క సున్నా. మీ వీధికి నా చేత్తోనే ఆకుపచ్చ రంగు వేశాను. యుగంధర్ గారిని బజ్జీలు మొదలుపెట్టుకోమనండి.

కామేశ్వరమ్మ గారు ఎలా ఉన్నారు?

మీ మిత్రుడు
హేమచంద్ర

తా.క. మాది మూడో అంతస్తు, లిఫ్టు పాడై చాన్నాళ్లయింది. రెండో అంతస్తు గోడ మీద మా పటం తగిలించి ఉంటుంది. ఈ మధ్య రోజూ అక్కడ ఆగి, దాన్ని చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి పీల్చుకుంటున్నాను. అలా చూస్తుంటేనే మీ వీధి పచ్చగా కనిపించి సంతోషమేసింది.

*

మెట్టుగూడ,
ఏప్రిల్ 2

మిత్రులు హేమచంద్ర గారూ,

కామేశ్వరమ్మ గారు బాగున్నారు. వెళ్లేముందు వాళ్ల చెల్లెలి చెయ్యి పట్టుకుని షాపుకొచ్చి, "నాయనా, నీ ఇల్లు నాకు అచ్చొచ్చింది, ఒక్కసారి లోపలికొచ్చి చూసి పోతా" అన్నారు. మెట్లెక్కొద్దని కింద స్టూలు మీదే కూర్చోబెట్టా. మీరు పడ్డ తిప్పలకి ఆవిడ తరపున నేను దణ్ణం పెడుతున్నా.

ఇప్పుడు ఒక మాట అడగాలి. రెండుసార్లు రాసి తుడిచేశా.

సున్నా అని రాశారు. అది తప్పు సార్. మీరు కొట్టేసిన పన్నెండులో పదిహేడో వరస ఉంది చూడండి, స్త్రీ, యాభై నాలుగు, ఆగస్టు. దానికి వేరే ఊరు దొరకలేదంటే, లేదు కాబట్టి దొరకలేదు. ఆమె ఇరవై ఆరేళ్లు ఈ గుమ్మంలోనే ఉంది. అది మా ప్రేమమణి.

కొనే వస్తువు చూసి జబ్బు చెప్తానని మీకు గొప్పలు రాశా. ఇంట్లో మనిషి ఏమీ కొనదు కదా, నాకు తెలియలేదు. రెండు రోజులు గ్యాసు నొప్పి అంటే సోడా తెచ్చిచ్చా. మూడో రోజు రోడ్డు దాటించా. కౌంటర్లో అమ్మాయి అడ్రసు అడిగితే ప్రేమమణి తనే గడగడా చెప్పేసింది, వందసార్లు రాసిన అడ్రసు కదా. ఆ అమ్మాయి నవ్వి, "మళ్లీ ఇదేనా? అసలు మీరుండేది ఎక్కడమ్మా?" అంది. మా ఆవిడ ఆయాసంలోనే నవ్వింది. "ఈసారి నిజమేనమ్మా" అంది. ఆ అమ్మాయి నమ్మలేదు. ఇప్పుడు మీరూ నమ్మలేదు.

కంగారులో ఉత్త చేతులతో వెళ్లా సార్. ఇన్నేళ్లు ఊరందరికీ ఫ్లాస్కులు అమ్మినవాణ్ని, ఆమెకి ఒక్కటి పట్టుకెళ్లలేదు. పక్క మంచం వాళ్లు తమ ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్లు పోసిచ్చారు. మూత చూస్తే మా షాపు స్టిక్కరే. ఆ నీళ్లు సగం తాగింది, మిగతా సగం నాకిచ్చింది.

ఈస్టరుకి ముందు మావాళ్లు సమాధులకి సున్నం వేస్తారు. నిన్న వేసొచ్చా. అక్కడ రాయి మీద పేరుంది. మీ పట్టికలో పేరు లేకపోయినా ఒక వరస ఉండేది. ఆమె చెప్పిన ఆఖరి అడ్రసు అది. తప్పుడు చిరునామా అని ఉండకూడదు. నలభై రెండు తీసేయండి, ఒకటి ఉంచండి. ఒక్కదానికి ఏ రంగు వస్తుందో అదే వెయ్యండి మా వీధికి. యుగంధర్‌తో నేను మాట్లాడా. "వదినది ఉండనియ్యమను అన్నా, నా బజ్జీలకేంగాదు" అన్నాడు.

మీ
యేసుదాసు

తా.క. రెండో అంతస్తులో ఆగి పటం చూడటం గురించి మీరు నవ్వులాటగా రాశారు, నాకు నవ్వు రాలేదు. ఒకసారి సోడా ఇచ్చి ఊరుకున్నా, ఇంకోసారి ఊరుకోను. బేగంపేట్లో మెట్రో ఎక్కి మెట్టుగూడలో దిగితే నా షాపు కనిపిస్తుంది. మిమ్మల్ని నేనే రోడ్డు దాటిస్తా, ఈసారి ఫ్లాస్కు కూడా తెస్తా, అరలీటరుది తీసి పక్కన పెట్టా. కౌంటర్లో అడ్రసు అడిగితే మాత్రం మీదే చెప్పుకోవాలి, మీకు నాది ఇవ్వను. సోమవారం డాక్టరు గారు పదింటికే కూర్చుంటారు. ఎప్పుడొస్తున్నారు?