తూర్పుకు పడిన నీడలు

ప్రియమైన అక్కకు,

మన చిన్నతాత పేరును ఆయన బొమ్మ మీంచి గీకి పారేసింది కార్ఖానా యాజమాన్యం. ఇంకెవరూ కాదు. క్షేమసమాచారాలు తర్వాత, ముందు ఈ అన్యాయం విను.

మొన్న మా ప్రెస్సులో అచ్చయిన బిల్లు పుస్తకాలు ఇవ్వడానికి కార్ఖానా ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు కుర్చీ వెనక గోడ మీద పెద్ద బొమ్మ. యుద్ధకాలం నాటి మన కాలనీ, దాని పక్కనే కార్ఖానా. ఎవరో మబ్బు మీద కూర్చుని కిందికి చూస్తూ గీసినట్టుంది. నీడలకు నలుపు కాక ఊదా వేయడం చూడగానే పోల్చుకున్నాను. మన అటక మీది బొమ్మల్లోనూ అంతే కదా! కింద కుడిమూల సంతకం ఉండాల్సిన చోట కత్తితో గీకిన మచ్చ ఉంది.

"ఎవరు గీశారండీ?" అన్నాను.

"ఎవడో సైన్యంలో పెయింటరట. బొమ్మ బాగుందిగా, పేరెందుకు?" అన్నాడు మేనేజరు.

పేరెందుకట! పనిచేసే చేతికి పేరెందుకు, అనుభవించే కడుపుకుంటే చాలదా! ఆ మాట నా నోట్లోంచి వచ్చేసేదే, మా ప్రెస్సు ఓనరు ముఖం గుర్తొచ్చి మింగేశాను.

అసలు సంగతి ఇది. ఆనాడు బాంబులకు కార్ఖానాలో చనిపోయిన షిఫ్టు వాళ్ళకు ఇప్పుడు స్మారకశిల వేస్తున్నారు. ఆహ్వానపత్రానికి టైపు పేర్చింది నేనే. "బాంబులు కురుస్తున్నా స్వచ్ఛందంగా యంత్రాల దగ్గరే నిలిచి ప్రాణాలర్పించిన కార్మికవీరులకు" అని రాశారు. వాళ్ళలో మన తాతయ్య పేరుంది. శిల పక్కన ఈ బొమ్మ వేలాడదీస్తారట. అంతకుముందు శుభ్రం చేయించడానికి మీ మ్యూజియంకే పంపుతున్నారు. అక్కా, అది నీ బల్ల మీదికే వస్తుంది!

నేను చిన్నతాత జీవితం రాసి కరపత్రంగా వేస్తాను. సైన్యంలో ఏ దళంలో పనిచేశాడు? యుద్ధం తర్వాత ఎందుకు ఒంటరిగా చచ్చిపోయాడు? ఇంట్లో అడిగితే నాన్న, "వాడి ఊసెత్తకు, అన్నం తింటున్నాను" అన్నాడు. నువ్వైనా చెప్పు.

ఆవేశంతో,
నీ తమ్ముడు

*

చిరంజీవి అగ్గిపుల్లకి, అక్క ఆశీస్సులు.

బొమ్మ వచ్చింది. నీ ఉత్తరం కూడా వచ్చింది, కానీ కవరు ఎవరో విప్పి మళ్ళీ అతికించారు. నీకు జిగురు పొదుపుగా వాడటం చేతకాదని నాకు తెలుసు. ఇది మాత్రం చక్కగా, సన్నగా అతికించి ఉంది. ఇకనుంచి మా ఇంటి అడ్రసుకు రాయి.

నాకు తెలిసింది చెప్తాను. చిన్నతాతది కట్టడాలకు మారువేషం వేసే దళం. విమానంలోంచి చూసేవాడికి వంతెన పొలంలా, గిడ్డంగి ఇళ్ళ వరసలా కనబడేట్టు రంగులు వేసేవాళ్ళు. ఆ పనిలో అన్నిటికన్నా కష్టం నీడలట. ఏ వేళ దాడి జరుగుతుందో ఆ వేళకు సరిపడా నీడ గీయాలి. ఆయన అందులో ఎంత ఘనుడంటే దళమంతా "నీడలాయన" అని పిలిచేదట. ఇదంతా నాయనమ్మ నాతో ఒకేసారి చెప్పింది. చెప్పి, ఆయన పేరు పలకాల్సి వచ్చినందుకు బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది. అందుకే నేను మళ్ళీ అడగలేదు.

తమ్ముడూ, ఒక ఇల్లు ఇన్నేళ్ళు మూసిపెట్టిన తలుపును ఊరికే తెరవకు. నాన్నకు రక్తపోటు. నీకు కొత్తగా దొరికిన ఉద్యోగం.

బొమ్మ మీద ఒక చోట తర్వాత పూసిన రంగు కనిపిస్తోంది. కార్ఖానా గేటు దగ్గర. కింద ఏముందో ఇంకా చూడలేదు.

వేళకు తిను.
అక్క

*

ప్రియమైన అక్కకు,

కొత్తగా దొరికిన ఉద్యోగం కొత్తగానే పోయింది. మా ఓనరు నన్ను లోపలికి పిలిచి, "నువ్వు మంచి కంపోజిటర్‌వే బాబూ, కానీ నా ప్రెస్సుకి కార్ఖానాయే అన్నం పెడుతోంది" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. 

జరిగింది విను. నువ్వు మారువేషం అనగానే నా బుర్రలో దీపం వెలిగింది. మన డాబా ఎక్కి సున్నం గోకాను. పొర కింద పొర, ఎన్ని పొరలో! అన్నిటికీ అడుగున తారులాంటి నలుపు పట్టీలు. పక్కింటి డాబా మీదా అంతే, ఆ పక్కదాని మీదా అంతే. ఆ పట్టీలు ఇళ్ళ మీంచి ఇళ్ళ మీదికి వరసగా సాగి, రంపం పళ్ళ కప్పులా ఏర్పడ్డాయి. కార్ఖానా షెడ్డుల కప్పు అక్కా! పొడుగాటి పొగగొట్టం నీడ కూడా ఒకటుంది, కాలవ వైపు సాగి నాలుగిళ్ళు దాటింది.

అర్థమైందా? కార్ఖానాకు ఇళ్ళ వేషం వేసి, మన ఇళ్ళకు కార్ఖానా వేషం వేశారు! ఆడవాళ్ళూ పసిపిల్లలూ ఉన్న కాలనీని ఎరగా పెట్టారు! ఇది యాజమాన్యం, సైన్యం కలిసి చేసిన ఘోరం. దానికి కుంచె పట్టింది మన చిన్నతాత. నేను ఆయన్ని ప్రజల చిత్రకారుడని రాసుకున్న కాగితాలన్నీ చింపేశాను.

కానీ ఒక్కటి అంతుబట్టదు. బాంబులు కాలనీ మీద పడలేదు. కార్ఖానా మీదే పడ్డాయి. ఎందుకు?

గేటు మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ భర్త ఆనాటి గేటు కాపలాదారు. మొదట, "పనీపాటా లేదట్రా నీకు?" అంది. "లేదు మామ్మా, పొద్దున్నే ఊడింది" అన్నాను. నవ్వి కూర్చోమంది.

"మీ చిన్నతాత రంగు పని అయ్యాక ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. సైరన్ కూసిందా, ఒక్క క్షణం ఆగొద్దు, షెడ్డులో ఎవరూ ఉండొద్దు, కందకాల్లోకి దూకండి అని. మీ తాత చేతులు పట్టుకుని మరీ చెప్పాడు. ఆ పొద్దున సైరన్ కూసింది. మేం ఆడవాళ్ళం పిల్లల్ని చంకనేసుకుని కందకాల్లో పడ్డాం. గేటు మాత్రం తెరుచుకోలేదు."

"ఎందుకు?"

"తాళం. చెవి మా ఆయన దగ్గరుంటేగా! ఆఫీసులో పెట్టుకున్నారు. కప్పు మీద అంత రంగు పూయించాం, మనమెవరికి కనబడతాం, సైరన్ కూసినప్పుడల్లా పని ఆపితే ఎలా, అన్నాడట ఆ కార్ఖానా దొర. మా ఆయన లోపల్నించి ఆ గేటును ఊపుతూనే ఉన్నాడు. నేను కందకంలోంచి చూస్తూనే ఉన్నా."

స్వచ్ఛందంగా నిలిచారట అక్కా! స్వచ్ఛందంగా!

మన వీధి మలుపులో ఒకడు రోజూ పేపరు చదువుతూ నిలబడుతున్నాడు. పేజీ మాత్రం తిప్పడు.

నీ తమ్ముడు

*

తమ్ముడికి,

ఈ ఉత్తరం చదివి కాల్చెయ్. నీతో వాదించే ఓపిక లేదు, చెప్పేది మాత్రం విను.

పొగగొట్టం నీడ కాలవ వైపు సాగిందని రాశావు. కాలవ మనకు తూర్పు. ఆ రోజుల్లో దాడులన్నీ పొద్దున్నే జరిగేవి. సూర్యుడు తూర్పున ఉంటే నీడలు పడమరకు పడాలి కదా? చిన్నతాత వేసినవి తూర్పుకు పడ్డాయి. పైనుంచి చూసేవాడికి అసలు గోడల నీడలు ఒకవైపు, రంగు నీడలు ఇంకోవైపు. ఇది దొంగ కార్ఖానా అని ఒక్క చూపులో తెలిసిపోతుంది. నకిలీని పట్టుకున్నవాడికి అసలుది ఆ పక్కనే ఉంటుందని తెలియదా?

నీడలాయన నీడ తప్పు వేయడు. కావాలనే వేశాడు. కాలనీలో పసిపిల్లల్ని కాపాడటానికి బాంబుల్ని కార్ఖానా మీదికి మళ్ళించాడు. సైరన్ కూస్తే షెడ్డు ఖాళీ అవుతుందని నమ్మాడు. సొంత అన్న లోపల ఉన్నాడు. గేటుకు తాళం ఉంది.

ఇంకొకటి. సంతకం యాజమాన్యం గీకలేదు. రంగు తడిగా ఉండగా గీకిన గాటు అది, అంచులు మెత్తగా లేచి ఉన్నాయి. ఆయనే తన పేరు తీసేసుకున్నాడు. గేటు మీద పూత మాత్రం ఎండిన తర్వాత వేరే చెయ్యి వేసింది. ఒక మూల రంగు కరిగించే మందు అద్ది కొద్దిగా తుడిచి చూశాను. ఊచలు పట్టుకున్న వేళ్ళు కనిపించాయి. అక్కడితో ఆపేశాను.

ఎందుకంటే నిన్న కార్ఖానా మనిషి ఒకడు వచ్చి నా బల్ల పక్కన కూర్చున్నాడు. చాలా మర్యాదగా, "గేటు దగ్గర శుభ్రం చెయ్యక్కర్లేదమ్మా, అలాగే ఉంచండి" అన్నాడు. వెళ్తూ, "మీ తమ్ముడు తెల్లారకముందే కాలవ గట్టు మీద నడుస్తాడటగా? గట్టు జారుతుంది, చెప్పండి" అన్నాడు. నువ్వు అక్కడ నడుస్తావని నాకే తెలియదురా!

నువ్వు గేటు సంగతి బయటపెడితే, బాంబులు అటెందుకు వచ్చాయో కూడా బయటపడుతుంది. ఆ షిఫ్టులో పోయినవాళ్ళ కొడుకులు మన చుట్టూ ఉన్నారు. రేపు నాన్న ఏ ముఖంతో కుళాయి దగ్గరికి వెళ్తాడు? ఆ శిల మీది అబద్ధం మన ఇంటిని కూడా కప్పుతోంది. కప్పనివ్వు. నీకు దండం పెడతాను.

అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం కాల్చలేదు, నాన్నకు చదివి వినిపించాను. తిట్టు. తర్వాత తిడుదువుగాని, ముందు విను.

 నాన్న, "నాకు తెలుసు" అన్నాడు. అంతే.

రెండు రోజులు నేను మనిషిని కాదక్కా. చిన్నతాతను ఒక పూట దేవుణ్ణి చేశాను, ఒక పూట హంతకుణ్ణి చేశాను. నేను చదివిన కరపత్రాల్లో మనుషులు రెండే రకాలు, పీడించేవాళ్ళూ పీడితులూ. ఈయన్ని ఎక్కడ పెట్టాలో వాటిల్లో లేదు. చివరికి ఒకటే తేల్చుకున్నాను. సగం నిజం చెప్పి సగం దాస్తే నాకూ ఆ శిల చెక్కించేవాడికీ తేడా లేదు.

ఇంతలో మేనేజరు కబురంపాడు. వెళ్ళాను. టీ తెప్పించాడు. ఉద్యోగం మళ్ళీ ఇప్పిస్తాడట. శిల మీద అందరికన్నా పైన చిన్నతాత పేరు బంగారు రంగుతో చెక్కిస్తాడట. "నీక్కావలసింది అదేగా? మీ తాతకు గౌరవం. నువ్వు కుర్రాడివి, నీ అరుపులు ఆపితే చాలు." నిజమే అక్కా, నెల క్రితం నాకు కావలసింది అదే. ఆ టీ తాగకుండా లేచి వచ్చేశాను. గది బయట వీధి మలుపు మనిషి ఉన్నాడు. నన్ను పేరుతో పలకరించాడు.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర అందరూ బిందెలతో ఉండగా కుళాయి గట్టు ఎక్కి మొత్తం చెప్పేశాను. ముందు మన చిన్నతాత వేసిన నీడలు, ఆ తర్వాత వాళ్ళు వేసిన తాళం.  నీళ్ళు పొంగిపోతున్నా ఎవరూ కుళాయి కట్టలేదు. లేత్ మావయ్య, అదే, లేత్ మిషను మీద పనిచేసే ఆయన, వాళ్ళ నాన్న ఆ షిఫ్టులోనే పోయాడు, నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు.

"అంటే మీ చిన్నతాత పిలిస్తే మా నాన్న మీద బాంబు పడిందా?"

"అవును మావయ్యా."

చెంప పగిలింది. ఎడమ చెవి ఇంకా గింగురుమంటోంది. రెండోసారి చెయ్యెత్తేసరికి గేటు మామ్మ మా ఇద్దరి మధ్యకు వచ్చింది.

"కొట్టరా, కొట్టు! ఆ పూట నువ్వు ఊయల్లో ఉన్నావు. ఆ ఊయల ఏ కప్పు కింద ఉందో తెలుసా? ఏటేటా డాబాలకు సున్నం ఎందుకు వేస్తున్నామనుకున్నారు, అందం కోసమా? దాడి అయిన మర్నాడు సైన్యం వాళ్ళు విచారణకి వస్తున్నారని తెలిసింది. నీడలు చూశారంటే వీళ్ళ చిన్నతాతని గోడకు నిలబెట్టి కాల్చేస్తారు. అప్పుడు మొట్టమొదట సున్నం బకెట్టు పట్టుకుని డాబా ఎక్కింది ఎవరు? వీళ్ళ నాయనమ్మ. మొగుడి శవం ఇంకా దొరకలేదు. మరిదిని తిడుతూనే ఉంది, కుంచె ఆడిస్తూనే ఉంది. ఆవిణ్ణి చూసి మేమంతా ఎక్కాం. మళ్ళీ ఆవిడ జన్మలో ఆయనతో మాట్లాడలేదు, చచ్చిపోయినప్పుడు చూడటానికి కూడా వెళ్ళలేదు. కానీ ఏటా సున్నం మాత్రం మానలేదు."

నాన్న గుంపు వెనక నిలబడి వింటున్నాడు. ఏడ్చాడో లేదో, చీకటి పడుతోంది, చూడలేదు.

లేత్ మావయ్య చెయ్యి దించాడు. చిన్నతాతను క్షమిస్తాననలేదు. ఇప్పటికీ మన ఇంటి వైపు చూడటం లేదు. కానీ వెళ్తూ వెళ్తూ, "తాళం వేసింది మాత్రం ఆయన కాదు. మా నాన్న తనంతట తాను ఆగిపోయాడని రాతి మీద రాస్తే ఊరుకోను" అన్నాడు. ఈ పొద్దున్నే వచ్చి, "ఎప్పుడు, ఎక్కడ?" అని మాత్రం అడిగి వెళ్ళాడు.

నిన్న నీ కార్డు అందింది. అందులో ఒక్క వాక్యమే: "గేటు మీద పూత మొత్తం తీసేశాను, బొమ్మ నేనే తెస్తున్నాను." ఎన్నిసార్లు చదివానో చెప్పను, నవ్వుతావు. రైల్లో ఒంటరిగా కూర్చోకు. బొమ్మను గుడ్డలో చుట్టి సీటు కిందపెట్టు. స్టేషన్‌లో నాన్న ఉంటాడు. నేను రాకపోతే ఎందుకు రాలేదని అడగకు, నేరుగా గేటు దగ్గరికి వెళ్ళు.

కార్ఖానా ఆవరణలో నిన్నటినుంచి పోలీసు లారీలు ఆగి ఉన్నాయి. గేటుకు కొత్త రంగు వేశారు. మా పాత ఓనరు ఎవరికీ చెప్పకుండా ప్రెస్సు తాళాలు నాకిచ్చి, "నాకేమీ తెలియదు" అని ఊరికి పోయాడు. కరపత్రం ఈ రోజే వేస్తాను. అందులో చిన్నతాత గురించి ఉన్నది ఉన్నట్టు రాశాను. కింది నాలుగు వాక్యాలు ఆఖర్న పెద్ద టైపులో పేరుస్తున్నాను. రైల్లో నీ పక్కన మనవాళ్ళెవరైనా ఉంటే చదివి వినిపించు.

ప్రేమతో,
నీ అగ్గిపుల్ల

వాళ్ళు యంత్రాల దగ్గర నిలవలేదు, వాళ్ళను నిలబెట్టి తాళం వేశారు. శిల మీద తెర తీసేలోపు ఆ మాట అందరం కలిసి గట్టిగా చదవాలి. పిల్లల్ని ఇళ్ళలో ఉంచి రండి. ఆదివారం ఉదయం ఏడు గంటలకు, కార్ఖానా గేటు బయట.