లేని కుర్చీ, ఉన్న హాలు

మా ఇంటి ముగ్గురు తోబుట్టువుల్లో నేను పెద్దదాన్ని. వయసు యాభై ఎనిమిది. ఉదయం ప్రార్థన ముగించుకుని, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, సొంత దస్తూరీతో ఈ వీలునామా రాస్తున్నాను. ఎడమ మోకాలు తప్ప శరీరమంతా నా స్వాధీనంలోనే ఉంది. ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే చెల్లవు. నా తదనంతరం దీన్ని అమలు జరపవలసింది మా చెల్లెలు.

1. నా స్వార్జితమైన మేడమీది హాలు, చెక్క నేలతో సహా. దీని మీద మా తమ్ముడి కన్ను పడింది. అతనిది ఫర్నిచర్ షాపు. గోడౌన్ చాలడం లేదట. నేను ఏళ్ల తరబడి ఒంటరిగా ఆడిన మూకాభినయ నాటకంలో మాటలు లేవు, సామాను లేదు. ఒక పనిమనిషి, లేని బకెట్టు మోసుకుంటూ, లేని మెట్లెక్కి, చివరికి లేని కుర్చీలో కూర్చుంటుంది. తమ్ముడు దాన్ని ఒక్కసారీ చూడలేదు. అయినా చుట్టాలు చేరిన ప్రతిచోటా అనుకరించి నవ్వించేవాడు. "అక్కేమో లేని కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టించుకుంటుంది, నేను ఉన్న కుర్చీలు అమ్ముకుంటున్నా. బుర్ర ఎవరికుందో మీరే చెప్పండి" అనేవాడు. అతన్ని క్షమించే మనసు ఇమ్మని రోజూ వేడుకుంటున్నాను. దేవుడికీ తొందర లేనట్టుంది.

హాలు అతనికి చెందదు. నాటకంలో నేను కూర్చున్న కుర్చీని మాత్రం అతనికి ఇస్తున్నాను. గోడౌన్‌లో చోటు ఆక్రమించదు.

2. మోకాలు అరిగాక ఆడటం మాని, ఈ హాల్లోనే నేర్పడం మొదలుపెట్టాను. నా మొదటి శిష్యుడు, ఇప్పుడు పేరున్నవాడు, నా నాటకాన్ని ఊరూరా ఆడుతున్నాడు, నా కుంటుతో సహా. ఆఖరి ప్రదర్శనల్లో మెట్లెక్కుతూ నేను కుంటింది నొప్పికి. అతను అది కళ అనుకుని అద్దం ముందు సాధన చేశాడు. ఆ కుంటులో తరతరాల శ్రమ కనిపించిందని పత్రికలో విమర్శకుడు రాశాడు. అందులో ఉన్నది అరిగిన కీలు. శిష్యుడికి నా మోకాలి పట్టీ. నాటకం ఆడే హక్కు లేదు. విమర్శకుడికి పట్టీ కూడా లేదు.

3. క్లాసులో వెనక గోడకు ఆనుకుని నిలబడే అమ్మాయిని తక్కినవాళ్లు 'గోడ' అని పిలుస్తారు. మెట్లెక్కడం చూపించిన రోజు అందరూ నాలాగే కుంటుతూ ఎక్కారు. ఆమె కదల్లేదు.

"మేడం, ఆ కుంటు పాత్రదా, మీదా?"

నాదేనన్నాను.

"అయితే నాకొద్దండి."

హాలూ, నాటకం ఆడే హక్కూ ఆమెకు దఖలు పరుస్తున్నాను. హాల్లో క్లాసు జరుగుతూ ఉండాలి. అందులో ఒక్క కుర్చీ కూడా వేయకూడదు. మెట్లు రెండు కాళ్లతో తిన్నగా ఎక్కాలి; నేను కుంటకుండా ఎక్కిన రోజులు ఎవరైనా మళ్లీ చూడాలి.

4. చెల్లీ, నాటకంలో నేను వేసుకున్న నల్ల దుస్తులు నీకు. నువ్వే కుట్టావు. జేబెందుకే అంటే, చేతిరుమాలుకి అన్నావు. నా పాత్ర చెమట తుడుచుకునేది కాదు. అయినా ఆ జేబు విప్పలేదు. రుమాలు అందులోనే ఉంది.

తేదీ: ఫిబ్రవరి 9, 2026, సోమవారం.

సంతకం: పెద్దక్క

సాక్షులు:

మోకాలి డాక్టరు.

మా తమ్ముడు. ఆస్తి పొందేవాళ్లు సాక్షులు కాకూడదని లాయరుగారు చెప్పారు. లేని కుర్చీ ఆస్తి కిందికి రాదని కూడా ఆయనే చెప్పారు. కనుక తమ్ముడు అన్నివిధాలా అర్హుడు. చదవకుండానే సంతకం పెడతాడు. చూడకుండా నవ్వడం అతనికి అలవాటే.