వెనక సీట్లో లండన్ రౌడీలు

అక్షర వాళ్ల నాన్నకి,

బాగున్నావా? నువ్వు వెళ్లిపోయి ఏడాది కావస్తోంది. మేము బాగానే ఉన్నాం. అక్షర ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది... నీలాగే పొద్దున్నే లేవదు.

నీ చోట కంపెనీవాళ్లు నాకు ప్యాకింగ్ సెక్షన్‌లో పని ఇచ్చారు. బీరంగూడలో నువ్వెక్కిన కంపెనీ బస్సే ఎక్కి బొల్లారం వెళ్తున్నాను. వెనక సీట్లలో నీ దోస్తులంతా ఉంటారు. దారి పొడుగునా సినిమాల మీద కొట్లాటేనని చెప్పేవాడివి కదా? "సూసినంక కొట్లాడకపోతే ఇగ సినిమా సూసుడెందుకే" అంటూ ఇంటికొచ్చి నాతోనూ మొదలుపెట్టేవాడివి. నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని.

కానీ నేనెక్కగానే వాళ్లు నోళ్లు మూసుకునేవాళ్లు. నా ముందు సినిమా ముచ్చట తీస్తే నువ్వు గుర్తొస్తావని భయం. మర్యాదేలే... ఆ మర్యాదతో నాకు ఊపిరాడలేదు. నవ్వులతో నడిచే బస్సు నా వల్ల మూగబోయిందనిపించి, ఒక దశలో పని మానేద్దామనుకున్నాను. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది, చెప్పు?

ఇంతలో నువ్వు ట్రైలర్ పదేపదే చూపించిన ఆ లండన్ గ్యాంగ్‌స్టర్ల సినిమా ఫోన్లోకి వచ్చింది, తెలుగులో. మొన్న ఆదివారం కూర పొయ్యి మీద పెట్టి ఒక్కదాన్నే చూశాను. పొడుగు కోట్లు, టోపీలు, ఎటు చూసినా పొగ! ఒక్కొక్కడు రాగానే బొమ్మ ఆగిపోయి తెర నిండా వాడి పేరు పడుతుంది. చంపబోయే ముందు పుస్తకాల తెలుగులో బెదిరించుకుంటారు. నవ్వొచ్చింది, నిజం. కూర మాడింది.

సోమవారం బస్సెక్కి, ఆడవాళ్ల సీట్లు దాటి నేరుగా వెనక్కి వెళ్లాను. ఆ సినిమా ఎలా ఉందని అడిగాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఫిట్టర్ యూసుఫ్ భాయ్ నోరు విప్పాడు. "క్యా బోల్నా భాభీ, కోట్లు, టోపీలు దప్ప కత యేడుంది?" అంతే, బాయిలర్ దగ్గర పనిచేసే కర్దనూర్ ఊరి సతీష్ లేచాడు. "నీకు సమజ్ గాలే భాయ్. ఆఖరుది ముందుగాల సూపిచ్చిండు. రెండుసార్లు సూడాలె." డ్రైవర్ మల్లేశన్న ముందు నుంచే, తను సగంలో నిద్రపోయానని అరిచాడు.

తర్వాత అందరూ నా వైపు తిరిగారు. నువ్వైతే ఏమనేవాడివో అదే చెబుదామనుకున్నాను. కానీ నోట్లోంచి నా మాటే వచ్చింది. "గంతమంది సచ్చిన్రు గదా, ఒక్కని ఇంట్లనన్న ఏడ్సేటోళ్లను సూపెట్టిన్రా?" అన్నాను.

యూసుఫ్ భాయ్ కిటికీ వైపు తిరిగాడు. అయ్యో, మళ్లీ నోళ్లు మూయించానే అనుకున్నాను...

అప్పుడు సతీష్ ఉన్నట్టుండి, "గదే స్టైల్ వదినా! ఏడుపులు వెడితే సీరియల్ అయితది. నీకు సినిమా తెల్వదు" అన్నాడు. నేనూరుకుంటానా? కంపెనీ గేటు వచ్చేదాకా వాదించాను. దిగేటప్పటికి గొంతు బొంగురుపోయింది.

నువ్వు పోయాక జాలి లేకుండా నాతో మాట్లాడిన మొదటి మనిషి వాడే. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను... తప్పా?

వచ్చే ఆదివారం ఇంకోటి చూసి రమ్మన్నారు. చూస్తాను. నువ్వుంటే సతీష్ పక్షమే ఉండేవాడివి, నాకు తెలుసు. అయినా సరే, నాకనిపించిందే చెబుతాను.

నీ సుజాత