నోటికి తాళం, నర్సులకు కప్పు

సోమవారం

ఈరోజు నుంచి నా సెలూన్లో జోస్యాలు బంద్! ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్ అయిపోయే దాకా ఏ జట్టు గెలుస్తుందో నా నోటితో చెప్పను. పోయినేడు బ్యాంకు జట్టు అన్నాను, అట్టడుగున తేలింది. అంతకుముందు టీచర్లు అన్నాను, వాళ్ళ కెప్టెన్ కాలు బెణికింది. ఈసారి మా అమ్మాయి నర్సుల జట్టులో ఆడుతోంది. మొదటిసారి!

"నాన్నా, నీకు దణ్ణం పెడతా, మా పేరెత్తకు" అంది.

మాటిచ్చాను. ఇదేమంత పని?

మంగళవారం

ఉదయం: రెండు క్షవరాలు, ఒక గడ్డం. అందరూ ఒకటే ప్రశ్న, కప్పు ఎవరిదని. వాతావరణం గురించి మాట్లాడాను.

మధ్యాహ్నం: మళ్ళీ వాతావరణం.

మా ఆవిడ: "మీరిలా నోరు మూసుకుంటే నాకు భయంగా ఉందండీ."

నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

గురువారం

జనమంతా ఎదురు సెలూన్లో! నా దగ్గరికి జుట్టు కోసం ఎవరొస్తారు, కబుర్ల కోసం గానీ. బాగా ఆలోచించాను. గెలవని జట్ల పేర్లు చెప్పడం జోస్యం కిందికి రాదు. టీచర్లలో పొడుగువాళ్ళు లేరు. బ్యాంకువాళ్ళు సగం ఆటకే ఆయాసపడతారు. చెప్పేశాను. ప్రాణం లేచొచ్చింది!

శుక్రవారం

ఇక మిగిలింది రైల్వే, నర్సులు. రైల్వే కోచ్ గారే క్షవరానికి వచ్చారు. నాకు దుర్బుద్ధి పుట్టింది.

"సార్, ఈసారి కప్పు మీదే! రాసిపెట్టుకోండి" అన్నాను తీయగా.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "నీకేం అన్యాయం చేశానయ్యా!" అంటూ మెడకు కట్టిన గుడ్డతోనే లేచి వెళ్ళిపోయారు. అప్పటికి ఒక పక్కే కత్తిరించాను.

పాపం అనిపించాలి. అనిపించలేదు. కూతురి కోసం చేసింది లెక్కలోకి రాదు.

ఆదివారం

నర్సులకూ రైల్వేకూ ప్రాక్టీసు మ్యాచ్. నేనూ మా ఆవిడా ముందు వరసలో. నోట్లో చూయింగ్ గమ్, ముందు జాగ్రత్తకు. చివర్లో అమ్మాయి మూడు పాయింట్ల గీత అవతల నుంచి బంతి విసిరింది. బుట్టలో పడింది! మావాళ్ళు ముందుకెళ్ళారు! లేచి అరిచాను: "ఈ ఏడు కప్పు నర్సులదే!"

హాలంతా నావైపు తిరిగింది. రైల్వే కోచ్ గారొక్కరే చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మావాళ్ళు వేసిన బంతి ఒక్కటీ పడలేదు. ఓడిపోయారు.

ఇంట్లో అమ్మాయి నావైపు చూడకుండా బూట్లు విప్పింది. నాకు ఏడుపొచ్చింది.

చివరికి అడిగింది. "నిజంగా అనుకున్నావా నాన్నా, ఊరికే అరిచావా?"

"నిజంగానే అనుకున్నానమ్మా."

"అయితే రోజూ చెప్పు. వంటింట్లో, తలుపేసి, నాకొక్కదానికే."

సోమవారం

మళ్ళీ మొదటి రోజు! బయట జోస్యాలు బంద్. ఈసారి ఖాయం.

షాపు తెరవగానే కోచ్ గారు వచ్చారు, గుడ్డ మడతపెట్టి తెచ్చారు, రెండో పక్క జుట్టు కోసం. కుర్చీలో కూర్చుని, అద్దంలో నన్నే చూస్తూ, "మీ అమ్మాయి జట్టుకు ఈసారి తిరుగు లేదంటున్నారు. నిజమేనా?" అన్నారు తీయగా.

నోరు తెరిచాను. మూశాను. ట్రిమ్మర్ ఆన్ చేశాను.

నవ్వాను మాత్రం. నవ్వడం జోస్యం కిందికి రాదు.