టికెట్టు రాని రోజు

ఏలూరు

క్రిస్టినా,

ఫోన్లో చెబుదామంటే ఈమధ్య నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా, చెబుతుంటే మధ్యలో నువ్వు ఓదారుస్తావు, నాకు ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను. ఈసారి నాకు టికెట్టు రాలేదు. రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచినా రాలేదు.

కారణం నీకు తెలిసిందే. మొన్న వానల్లో లంక ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి. అవి ఉప్పుటేరులోకి పోకుండా జయకృష్ణ గారి చేపల చెరువు గట్టు అడ్డం. ఆయన మా పార్టీకి పెద్ద దిక్కు. ఊరేమో మీ పార్టీది. "మీరు అటు వెళ్ళకండమ్మా" అని మావాళ్ళు చెప్పారు. వెళ్ళాను. గట్టు మీద ఆయన్నీ, లంక పెద్ద కృపావరాన్నీ కూర్చోబెట్టాను.

"గండి కొడితే చేపలన్నీ పోతాయండి. అసలు మీరు మా మనిషేనా?" అన్నారు జయకృష్ణ గారు.

"మా ఆడాళ్ళు మంచాల మీద పొయ్యి పెట్టి వండుతున్నారండి" అన్నాడు కృపావరం.

చివరికి గండికి అడ్డంగా వలలు కట్టడానికి ఒప్పుకున్నారు. లంకవాళ్ళే వలలు తెచ్చి, నడుం లోతు నీళ్ళలో నిలబడి పట్టుకున్నారు. చేపలు నిలిచాయి, నీళ్ళు పోయాయి. దాంతో మావాళ్ళకి నేను గోడ మీద పిల్లినయ్యాను. అసెంబ్లీలో మీవాళ్ళ సవరణ బాగుందన్నప్పుడూ అదే మాట. నవ్వి ఊరుకునేదాన్ని గానీ, క్రిస్టినా, ప్రతిసారీ గుచ్చుకునేది.

నిన్న మా జిల్లా నాయకుడు నరసింహమూర్తి గారు పిలిచి, "మీరు అందరికీ మంచివారమ్మా. అలాంటివారితో ఎన్నికలు గెలవలేమండి" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇండిపెండెంటుగా నిలబడమని ఇంటినిండా జనం. నిలబడనని చెప్పాను. అందరూ వెళ్ళాక, చీరైనా మార్చకుండా పడుకుని తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. బాధపడాలి కదా, ఇంత తేలిగ్గా ఉందేమిటే?

నీ
తాయారు

* * *

తాడేపల్లిగూడెం

తాయారూ,

నీ ఉత్తరం చదివి, "దేవా, నీకు స్తోత్రం" అని పైకే అనేశాను. కోప్పడకు, కారణం విను.

ఆ సీటుకి మా పార్టీ నన్ను నిలబెడుతోంది. మా నాన్నగారిది లంకే కదా, అందుకని. నీతో ఎలా చెప్పాలో తెలియక వారం నుంచి నీ ఫోనెత్తడం లేదు. వద్దని చెప్పేద్దామనే అనుకున్నాను. మైకు పట్టుకుని నీ మీద ఏం మాట్లాడతాను? ఇప్పుడు ఆ గండం గడిచింది.

నిన్న లంకకి వెళ్ళాను. జయకృష్ణ గారికీ కృపావరానికీ మళ్ళీ తగువు, ఈసారి చెరువు పక్క దారి గురించి. నేను తీర్చబోతే జయకృష్ణ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "మీరూ ఉండండి, కాదనను. తాయారమ్మ గారు కూడా రావాలండి" అన్నారు.

"ఆవిడకి టికెట్టు లేదు కదండీ" అన్నాను.

"టికెట్టుతో మాకేం పనండీ? ఆవిడ చెబితే వింటాం" అన్నాడు కృపావరం. ఆ ఒక్కదానికీ ఇద్దరూ తలూపారు.

ఆదివారం చర్చి అవగానే కారేసుకుని వస్తాను, కలిసి వెళదాం. నేను పార్టీ కండువా ఇంట్లో పెట్టి వస్తాను. నీకు ఇక ఆ బెడద కూడా లేదు, అదృష్టవంతురాలివి!

నీ
క్రిస్టినా