తాతయ్య వంతు

మంగళవారం, రాత్రి

ఈరోజు క్యాంపస్‌లో ఫ్రెంచ్ మేడమ్ ‘వెళ్లడం’ అనే క్రియకు ఆరు రూపాలూ అప్పజెప్పమన్నారు. అది ఏ పద్ధతికీ లొంగదు, బట్టీ పట్టాల్సిందే. జ వే, త్యు వా, ఇల్ వా అంటూ ఐదు గడగడా చెప్పి ఆగిపోయాను.

“ఏంది, కరెంట్ పోయిందా?” అన్నాడు వెనక కూర్చున్న ఇమ్రాన్. అందరూ నవ్వారు.

ఆరోది నా వంతు కాదని వాళ్లకెలా చెప్పను? తార్నాకలో మా ఇంట్లో తాతయ్య నా ఫ్రెంచ్ పుస్తకం చేతపట్టుకుని, సంస్కృత శబ్దాల్లాగే వీటినీ రాగం తీసి వల్లె వేయించేవాడు. చివరిది మాత్రం తొడ చరిచి తనే అనేవాడు, కడప యాసలో. పక్షవాతంతో ఆయన మాట పడిపోయి నెల దాటింది.

సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని ఐదూ చెప్పాను. దుప్పటి మీద వేళ్లు తాళం వేశాయి. ఆగాను. పెదవులు కదల్లేదు. కళ్లు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి.

“అట్ల చూస్తా కూచున్నావేమే? నువ్వు అంటావని నాయన కాచుకోనుండాడు,” అంది అమ్మ.

నోరు తెరిచాను కానీ అనలేకపోయాను. ఒక్కసారి అంటే, ఇక ఎప్పటికీ నేనే అనాలి.